నూట నాలుగు కాయల వంద

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నేను రాసిన ప్రోగ్రాము చదివి, పక్కన ఎర్రటి అక్షరాల్లో ఒక మాట రాసింది. భాష మనకిచ్చిన సంఖ్యలకి సొంత విద్యలు నేర్పడం మంచి పద్ధతి కాదట, తీసేయమంది. మర్యాదగానే రాసింది, చివర నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టింది. నేను మూడుసార్లు చదివి, మంచినీళ్ళు తాగి, తీయను అని జవాబు రాశాను. నా జవాబులో ఏ బొమ్మా లేదు. ఈ గొడవ తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి. కంప్యూటర్ భాషల్లో సంఖ్యలకి కూడికలూ తీసివేతలూ పుట్టుకతోనే వస్తాయి. కొన్ని భాషలు మాత్రం మనం వాటికి కొత్త విద్యలు నేర్పుకోవడానికి ఒప్పుకుంటాయి. అలా నేర్పాక ఐదు అని రాసి, పక్కన చుక్క పెట్టి, రోజులు అని రాస్తే చాలు, ఆ ఐదు తనంతట తానే ఐదు రోజులైపోతుంది. కొత్త లెక్కేమీ పుట్టదు, చదువుకోవడానికి హాయిగా ఉంటుంది. కాకపోతే ఒకసారి నేర్పితే ఆ ప్రోగ్రాములో ఉన్న ప్రతి సంఖ్యకీ ఆ విద్య వచ్చేస్తుంది, ఎక్కడో ఎవరికో అది అడ్డు తగలొచ్చు. అందుకే పెద్దలు వద్దంటారు. వాళ్ళ భయంలో నిజం లేదని నేననను. వాళ్ళ మాట వినను, అంతే.

రెండు వేల ఆరో ఏడో, ఆ ప్రాంతంలో నేను రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. కింద సైకిల్ షాపు, పైన మేము. ఆరుగురు మనుషులం, నాలుగు కంప్యూటర్లు, కరెంటు పోతే అందరం కలిసి మెట్ల మీద కూర్చునే వాళ్ళం. ఎం.సి.ఏ. చదివి హైదరాబాద్ వెళ్ళనందుకు నన్ను చూసి జాలిపడని చుట్టం లేడు. పెళ్ళిళ్ళలో నా ప్లేటు పక్కకి వచ్చి మరీ జాలిపడేవారు. మా సీనియర్ గారు మాత్రం బెంగుళూరులో రెండేళ్ళు చేసి వచ్చిన మనిషి, ఆ రెండేళ్ళనీ రోజుకి నాలుగుసార్లు తలుచుకునేవారు. ఆ రోజుల్లోనే నేను ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని రూబీ అనే భాష నేర్చుకున్నాను. అందులో పది చుక్క నిమిషాలు చుక్క క్రితం అని ఇంగ్లీషులో రాస్తే కంప్యూటర్‌కి అర్థమైపోతుందని చూసిన రోజు, బయటికొచ్చి ఎవరికి చెప్పాలో తెలియక అరటిపళ్ళ బండి ఆవిడ దగ్గర అక్కర్లేకపోయినా డజను పళ్ళు కొన్నాను.

మా పిన్ని వాళ్ళది కోనసీమ. బాబాయికి కొబ్బరి కొట్టు ఉండేది. కొట్టు అంటే చిన్న దుకాణం అనుకునేరు, అరెకరం షెడ్డు. ఒక పక్క కాయలు ఒలిచేవాళ్ళు, ఒక పక్క డొక్కల గుట్టలు, మధ్యలో తడి పీచు వాసన, రోడ్డు మీద లారీ. పిన్ని ఇంట్లో కొబ్బరి పడని వంట నేను చూడలేదు. ఒకసారి ఉప్మా తింటూ ఇందులో మాత్రం లేదనుకున్నాను, అడుగున తగిలింది. సరుకు ఎంత వచ్చింది, ఎంత వెళ్ళింది, షెడ్డులో ఎంత ఉంది అనేది కంప్యూటర్లో పెట్టించుకోమని బాబాయిని నేనే ఊదరగొట్టి ఒప్పించాను. కంపెనీకి నేను తెచ్చిన మొదటి పని అది. రావులపాలెం దాకా బస్సు, అక్కణ్ణించి కాలవ గట్టున షేర్ ఆటో. నెల్లాళ్ళు అలా తిరిగాను.

ఆ కొట్టులో కాయలు లెక్కపెట్టే మనిషి ఒకాయన ఉండేవారు. అందరూ పెద్దాయన అనే పిలిచేవారు, నేనూ అంతే. ఒలిచిన కాయల్ని జుట్టు పట్టుకుని చేతికి రెండేసి, మొత్తం నాలుగు ఒక్కసారి ఎత్తి అవతలికి వేసేవారు. నాలుగు కాయలు ఒక పుంజీ. మొదటి పుంజీకి ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. ఆ తర్వాత రెండు, మూడు, అలా పాట లాగా సాగేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తల ఊపేవారు గాని వరస తప్పేవారు కాదు. ముప్పై ఏళ్ళుగా ఆయన నోట్లోంచి వచ్చిందే ఆ కొట్టుకి లెక్క. నేను ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆయన మాటలే సంఖ్యలకి నేర్పాను. మూడొందలు చుక్క పుంజీలు అంటే పన్నెండు వందల కాయలు. నలభై చుక్క వందలు అంటే నాలుగు వేలు. లోపలికి వచ్చేది పుంజీల్లో, లారీ ఎక్కేది వందల్లో. కొట్టులో మనుషులు ఎలా మాట్లాడతారో నా ప్రోగ్రామూ అలాగే మాట్లాడిందని నా గర్వం ఇంతా అంతా కాదు. మా సీనియర్ గారు అప్పటికింకా చూడలేదు.

నెల తిరిగేసరికి షెడ్డు ఖాళీ. ఉన్న కాయలన్నీ లారీలెక్కి వెళ్ళిపోయాయి. ప్రింటరు కీచుమంటూ కాగితం బయటికి తోసింది. షెడ్డులో ఇంకా వెయ్యిన్నూట అరవై కాయలు ఉన్నాయంది. బాబాయి కాగితం వంకా, ఊడ్చిన నేల వంకా చూశారు. తర్వాత పెద్దాయన వంక చూశారు. కాయలు ఏమైపోయాయో కాస్త చూసి చెప్పమని ఒలుపు వాళ్ళందరి ముందూ అన్నారు. పెద్దాయన భుజం మీద తువ్వాలు తీసి దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కంప్యూటర్ దొంగని పట్టేసిందని ఊళ్ళో అనుకుంటున్నారని పిన్ని ఫోనులో చెప్పింది. ఆ కంప్యూటర్ నేనే కదా.

ఆదివారం నాడు ప్రోగ్రాము కాగితాలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని పీచు తాడు పేనుతున్నారు. నన్ను చూసి చాప వేసి, మళ్ళీ తాడు అందుకున్నారు. నాకేం చెప్పాలో తెలియక, రాసింది రాసినట్టు చదవడం మొదలుపెట్టాను. లోపలికి ఇన్ని పుంజీలు, బయటికి ఇన్ని వందలు. రెండు వందల తొంభై వందలు వెళ్ళాయి అని నేను చదివిన చోట ఆయన చేతిలో తాడు ఆగింది.

"మీ మిషనుకి వందంటే ఎన్నండి, అమ్మాయి గారూ?"

వందంటే వందే కదండీ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"లారీ ఎక్కే వందలో ఇరవయ్యారు పుంజీలుంటాయండి. ఇరవయ్యైదు వంద, ఒకటి కొసరు. మా తాతల నాటినుంచీ అంతేనండి."

నూట నాలుగు. రెండు వందల తొంభై వందలకి వందకి నాలుగు చొప్పున వెయ్యిన్నూట అరవై. అరుగు మీద నాకు ఏడుపొచ్చింది. ఈ ముక్క ఎవరూ నాకెందుకు చెప్పలేదంటే, చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు. కొసరుని విడిగా అనుకోవడమే వాళ్ళు మానేశారు, వాళ్ళకి వందంటేనే అది. కంప్యూటర్ కాబట్టి దానికి తెలిసే ఉంటుందని బాబాయి కూడా అనుకున్నారు. తప్పు నాది. అయితే ఒకటి గమనించండి. కంప్యూటర్ మొహం ఎరగని మనిషి, నా ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో చెవితో విని పట్టుకున్నారు. అక్కడ వందలు అని ఉంది కాబట్టి పట్టుకున్నారు. గుణకారం గుర్తులూ, సున్నాలూ చదివి ఉంటే ఆయన తాడు ఆగేది కాదు.

మర్నాడు పొద్దున్నే నేను కొట్టుకి వెళ్ళేసరికి మా సీనియర్ గారు ముందే వచ్చి కూర్చున్నారు. బాబాయి కంపెనీకి ఫోన్ చేశారట. నేను సంగతి చెప్పాను. బాబాయి నెత్తి కొట్టుకుని పెద్దాయనకి కబురంపారు. సీనియర్ గారు మాత్రం నా కాగితాలు తిరగేసి, సంఖ్యకి ఈ వేషాలేంటి అన్నారు. నంబరంటే నంబరే, భాష తయారుచేసినవాళ్ళు ఇచ్చిన దాని మీద మనం చెయ్యి వెయ్యకూడదు, ఇవన్నీ పీకేసి మళ్ళీ రాద్దాం, ఇకనుంచి కొట్టులో కూడా వందంటే వందే అని చెబుదాం, ఇప్పటికి ఆ వెయ్యిన్నూట అరవైని తరుగు కింద రాసేస్తే లెక్క సరిపోతుంది అన్నారు. తరుగు అంటే కుళ్ళినవీ పగిలినవీ. బాబాయికి కూడా అదే బాగున్నట్టు తోచింది, గొడవెందుకమ్మా, ఆయన చెప్పినట్టు చేసెయ్ అన్నారు.

పెద్దాయన అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. గొంతు పెంచలేదు.

"నన్ను దొంగన్నది ఆ మిషనండి. కాదని కూడా అదే చెప్పాలి. మీరు తరుగని రాసేస్తే నేను తిన్నట్టేనండి."

షెడ్డులో ఒలుపు ఆగిపోయింది. నేను కుర్చీలో కూర్చుని, వందలు అన్న విద్యలో ఉన్న వందని కొట్టేసి నూట నాలుగు అని రాశాను. ఒక్క చోటే. అది మారితే నెలంతా వెళ్ళిన లారీలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. అది తీసెయ్యి, లేకపోతే రేపట్నించి ఆఫీసుకి రానక్కర్లేదు అని సీనియర్ గారు నా వెనకనుంచి ఇంగ్లీషులో అన్నారు. నాకు భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. ఇంట్లో ఏం చెప్పాలి, పెళ్ళిళ్ళలో జాలి ఇంకెంత పెరుగుతుంది, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"తీయనండి," అని ప్రింటు మీట నొక్కాను.

కాగితం చివర సున్నా వచ్చింది. పెద్దాయనకి ఇంగ్లీషు అక్షరాలు రావు గాని సున్నా తెలుసు. అయినా నన్ను చదవమన్నారు. షెడ్డు అందరికీ వినపడేలా మొదటినుంచి చివరిదాకా చదివాను, లోపలికి పుంజీలు, బయటికి వందలు, మిగిలింది ఏమీ లేదు. బాబాయి లేచి ఆయన దగ్గరికి వెళ్ళి, తప్పయిపోయింది అన్నారు, ఆ ఒలుపు వాళ్ళందరి ముందే. పెద్దాయన తువ్వాలు భుజం మీద వేసుకుని, ఇవాళ మనసు బాగాలేదండి, రేపొస్తాను అన్నారు. మర్నాడు వచ్చారు. నేను మాత్రం ఆఫీసుకి వెళ్ళలేదు, వాళ్ళూ పిలవలేదు. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క రోజు కూడా ఆ మీట నొక్కకుండా ఉండాల్సింది అనిపించలేదు.

పెద్దాయన మరో నాలుగేళ్ళు అక్కడే లెక్కపెట్టారు, నేను రాసిన ప్రోగ్రాముతోనే. ఆయన పోయాక ఆ కొట్టు తూకంలోకి మారింది. ఇప్పుడు కాయలు కిలోల్లో వెళతాయి, పుంజీ అంటే ఎన్నని మా పిన్ని మనవల్నడిగితే ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. కాలం అన్ని కొలతలనీ మార్చేస్తుంది, దాన్ని ఆపడం నా వల్ల కాదు, నేనాపాలనీ అనుకోలేదు. ఆయన బతికున్నంత కాలం ఆ షెడ్డులో వందంటే నూట నాలుగే, అంతవరకూ మాత్రం కాలాన్ని గుమ్మంలోనే నిలబెట్టాను.