బల్లకు నాలుగో వైపు

నేను అలిగి పాట మానేశానని, గల్ఫ్‌లో మేముండే ఈ అల్ వుకైర్‌లో మా తెలుగువాళ్ళంతా చెప్పుకుంటారు. అలకా, నా మొహమా? నన్ను తీసేశారు. తీసేయడానికి కావలసిన పాఠం కూడా నాచేతే చెప్పించుకున్నారు.

మా పక్క విల్లాలో ఉండే హైదరాబాదు అమ్మాయి ఒక పుస్తకం తెప్పించింది. నాలుగు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో అచ్చయిన పాటల పుస్తకానికి నకలు. ఒకే పాటను నలుగురు నాలుగు వేర్వేరు వరసల్లో కలిసి పాడాలి. పుస్తకాన్ని బల్ల మధ్య తెరిచి పెడితే ఒక్కొక్కరి వరస ఒక్కో వైపుకు తిరిగి ఉంటుంది. ఎదుటివాళ్ళది మనకు తలకిందులు. శుక్రవారం పొద్దున వాళ్ళ భోజనాల బల్ల చుట్టూ నలుగురం చేరేవాళ్ళం: ఆ అమ్మాయి, నేను, ఒక మలయాళీ నర్సు, ఆమె భర్త. పై వరస ఆ అమ్మాయిది, కింది వరసల్లో ఒకటి నాది. చిన్నప్పుడు సంగీతం టీచరు "నీది మగ గొంతమ్మా, వీణ పట్టుకో" అని నాచేత పాట మాన్పించింది. యాభయ్యేళ్ళకు ఆ గొంతుకు ఒక కుర్చీ దొరికింది.

తర్వాత నర్సు దంపతులు మెసయీద్‌కు మారిపోయారు. ఇద్దరమే మిగిలాం. పై వరస కింద ఆరేసి గీతలు, వాటి మీద అక్షరాలు అచ్చయి ఉండేవి. ల్యూట్ అనే పాత తీగవాయిద్యం కోసమట. గీత అంటే తీగ, అక్షరం అంటే మెట్టు. వేలు ఎక్కడ పెట్టాలో చెబుతుంది. వీణ ఎరిగినవాళ్ళకు అదేం బ్రహ్మవిద్య? వెళ్ళిపోయిన ఇద్దరి లోటు తీరుతుందని, ఆ అమ్మాయి భర్త గిటారుకు శ్రుతి మార్పించి, రెండు నెలలు అతన్ని కూర్చోబెట్టి నేర్పాను. కింది గొంతులన్నీ ఆ తీగల్లోనే ఉన్నాయని, పాడేవాళ్ళు లేకపోయినా ఇది చాలని మురిసిపోతూ చెప్పిందీ నేనే.

మా విల్లాలవాళ్ళ క్లబ్‌హౌస్‌లో అందరి ముందూ పాడాల్సిన రోజు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. వేదిక మీద రెండే కుర్చీలు.

"ఏమనుకోకక్కా, గిటార్‌ల నీ లైన్ ఉండనే ఉంది. మళ్ళ రెండుసార్లెందుకని."

"ఉందని నీకు చెప్పిందెవరే?"

"నువ్వే గదక్కా. జర వీడియో తియ్యవా, నీ ఫోన్ల మంచిగొస్తది."

తీశాను. అదీ నా తెలివి. ఆ వీడియోలో నా వరస ఒక్క తప్పు లేకుండా వినిపిస్తుంది, నేను నేర్పినట్టే.

పుస్తకం ప్రకారం ఆమెది తప్పని అనలేను. నాకు తెలియాల్సింది ఒకటే. గిటారు పాఠం మొదలైన శుక్రవారం భర్తను నా పక్కన కూర్చోబెట్టి "కొంచెం నేర్పక్కా" అన్నదే, అప్పటికే ఆమె మనసులో రెండు కుర్చీలే ఉన్నాయా?