ఆగు మేస్త్రిని మేడ దింపిన రోజు

సాయంత్రం అయ్యేసరికి కిరసనాయిలు గుడ్డ, సబ్బుపొడి గుమ్మం పక్కన పెట్టేదాన్ని. మా ఆయన చేతుల గ్రీజు వాటికి తప్ప లొంగేది కాదు. ఇప్పుడు ఆ వేళకి నాకు పనేమీ లేదు. ఊరికే గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళ చేతులు చూస్తుంటాను. అందరివీ శుభ్రంగానే ఉంటున్నాయి.

కార్ఖానాల్లో మిషన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడం ఆయన పని. ఏనుగంత లేత్ మిషన్ని గడ్డపారతో ఒక మూల వేలెడు లేపి, చెక్క దిమ్మ పెట్టి, రెండో మూల లేపి, అడుగున పైపులు దూర్చి, నిద్రపోతున్న పసిపిల్లని జరిపినట్టు దొర్లించేవారు. అంతటి మనిషి ఇంట్లో నీళ్ళ బకెట్ ఎత్తమంటే నడుం పట్టుకునేవారు.

వేలెడు లేవగానే "ఆగు" అనేవారు. చుట్టూ తిరిగి, వంగి చూసి, బరువు ఎటుందో తేల్చుకున్నాకే "కానీ" అనేవారు. అందుకే ఆగు మేస్త్రి అని పేరు పడింది. బరువు గాల్లో ఉన్నంతసేపూ ఆయన గొంతు ఒక్కటే వినపడాలి. మిగతావాళ్ళకి దగ్గొచ్చినా మింగుకోవాల్సిందే. పని అయ్యాక ఎక్కడైనా గీత పడిందేమోనని నేలంతా వెతికేవారు. పడితే ఆ పూట ముద్ద దిగేది కాదు.

ఏదో ఒకరోజు మిషన్ మీద పడుతుందని కాపురానికొచ్చిన నాటి నుంచీ భయపడ్డాను. సెలవు రోజున కడుపునిండా తిని, మంచమెక్కి, నిద్రలోనే పోయారు. నా భయమంతా దండగైపోయింది.

మేముండేది మేడమీద, అద్దెకి. మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. దింపడానికి ఆయన దగ్గర పనిచేసే నలుగురే వచ్చారు. బల్ల మీద పడుకోబెట్టి, తాడుతో బిగించి ఎత్తారు. మలుపు దాకా బాగానే వచ్చారు. అక్కడ బల్ల ఇరుక్కుంది. వెనకాలే దిగుతున్న మా మరిది పైకెత్తమంటాడు, మోసేవాళ్ళలో ఒకడు కిందికి దించమంటాడు. ఎవరికి వాళ్ళే మేస్త్రీలు. బల్ల ఒరిగింది, తాడు వదులైంది. ఆయన ఎక్కడ జారిపోతారోనని నేను పై మెట్టు దాకా వచ్చేశాను.

అంతలో ఆ నలుగురిలో పెద్దాయన, మిషన్లెత్తే గొలుసు కప్పీ లాగేవాడు, అలవాటు కొద్దీ, మా ఆయన మొహంలోకి చూశాడు.

"మేస్త్రీ, ఎటు తిప్పమంటావు?"

అడిగాక గానీ ఎవర్ని అడిగాడో అతనికి తెలియలేదు. మిగతావాళ్ళూ జవాబు కోసం చూస్తున్నట్టే ఉన్నారు.

"ఆగండి" అన్నాను పై మెట్టు మీంచి. "ఇక ఎవరూ మాట్లాడకండి, నేనే చెప్తాను. పిన్నిగారూ, మీరు బరువు కింద నిలబడకండి."

కింద ఉన్నది ఇంటావిడ. పక్కకి జరిగింది. తాడు బిగించమన్నాను. కాళ్ళ వైపు వాళ్ళని ఒక మెట్టు దిగి ఆగమన్నాను, తల వైపు వాళ్ళని మెల్లగా లేపమన్నాను. మలుపులో బల్ల నిలువుగా లేచింది. అలా ఆయన తన ఇంట్లోంచి నిలబడే వెళ్ళారు. నేను "కానీ" అనేదాకా నలుగురూ అడుగు వేయలేదు. బల్ల మూల మాత్రం గోడకి బెత్తెడు రాసుకుంది.

కొన్నాళ్ళకి మరిది వచ్చి ఆ గీత తడిమి చూశాడు.

"అన్నయ్య ఉంటే ఇది పడేది కాదు వదినా."

"మీ అన్నయ్య ఉంటే దింపే పనేముంది నాయనా."

ఇంటావిడ దాన్ని పూడ్చమంది. మరిది డబ్బాడు తెల్ల సిమెంటు, చిన్న తాపీ తెచ్చి ఇచ్చాడు. నీళ్ళు కలిపి పూస్తే చిటికెలో అయిపోతుంది. రోజూ మెట్లు ఊడుస్తున్నాను, కడుగుతున్నాను, మలుపు దగ్గర బూజు కూడా దులుపుతున్నాను. ఇంటావిడ గుర్తుచేస్తే సరేనంటున్నాను. డబ్బా మూత మాత్రం తీయలేదు.