టీచర్‌గారి పైకప్పూ, నా సిలికాన్ గన్నూ

ఆ రోజుల్లో నాకు దేవుడంటే భక్తీ, నాన్నంటే గౌరవమూ ఉండేవి. భయం మాత్రం మొత్తంగా మా ఇంటి ఓనరమ్మకే ఇచ్చేశాను. మొదటి ఉద్యోగంలో చేరి, సికింద్రాబాద్ మెట్టుగూడలో ఆవిడ మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై చాలాకాలమైనా, గేటు దాటి బయటికి వస్తే వీధిలో మీసాలు నెరిసినవాళ్లు కూడా చొక్కా గుండీలు తడుముకునేవారు. చేరిన రోజున చనువుకొద్దీ "ఆంటీ" అని పిలిచాను. "నేను నీకు ఆంటీని గాదు, టీచర్‌ని," అన్నారు. అంతే, ఆ తర్వాత నిద్రలో కూడా టీచర్ అనే పలవరించి ఉంటాను. ఆవిడకు మేడమెక్కడం కష్టం. అందుకని కింద గదిలోంచే చేతికర్రతో పైకప్పును పొడిచి నాతో మాట్లాడేవారు. ఒక్క పోటు పొడిస్తే కుళాయి కట్టెయ్యమని, వరసగా పొడిస్తే వెంటనే కిందికి దిగమని. నా పాదాల కింద నేల 'టక్' మన్నప్పుడల్లా చేతిలో గ్లాసు, గ్లాసులో కాఫీ, లోపల ప్రాణం మూడూ తొణికేవి.

నాన్నకు ఆవిడ నచ్చింది కూడా ఇందుకే. ఊళ్లో ఎవరో తెలిసినవాళ్లు ఆవిడ క్రమశిక్షణ గురించి చెబితేనే నన్ను సికింద్రాబాద్ పంపడానికి ఒప్పుకున్నాడు. రైలెక్కించేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒకటే. "టీచర్‌గారింట్లో ఉన్నన్నాళ్లే నీ ఉద్యోగం. ఆవిడ పొమ్మంటే మర్నాడే వచ్చెయ్యాలి. వేరే గదులూ హాస్టళ్లూ అంటూ తిరగడాలుండవు." ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన టీచర్‌కు ఫోన్ చేసి నా గురించి కనుక్కునేవాడు. నేను ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం ఇలా ఆవిడ నాలుక చివర వేలాడుతూ ఉండేది.

ఒక సోమవారం పొద్దున్నే కర్ర వరసగా మోగింది. తడి జుట్టు తువ్వాల్లో చుట్టుకుని పరుగెత్తాను. ముందుగదిలో, లేసు గుడ్డ కప్పిన హార్మోనియం పక్కన నిలబడి టీచర్ కర్రతో పైకి చూపించారు. తెల్లటి సున్నం మీద అప్పడమంత తడి మచ్చ. సరిగ్గా నా బాత్‌రూమ్ కింద! "ఏందమ్మా ఇది?" అన్నారు. "ఆదివారం నా ఇంట్ల ప్రార్థన కూటం ఉన్నది. చర్చి అక్కలంత వస్తరు. గప్పటి దాంక ఒక్క చుక్క సుత పడొద్దు. పడ్డదో, మీ డాడీకి నేనే ఫోన్ చేస్త." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఆఫీసుకు సెలవు పెట్టి ప్లంబర్‌ను పిలిపించాను. అతను బాత్‌రూమ్‌లో అటూ ఇటూ తట్టి, "పైపు మంచిగనే ఉన్నది మేడమ్. గోడకూ కింది టైల్స్‌కూ నడుమ సందు పడ్డది, అండ్లకెళ్లి దిగుతున్నయ్ నీళ్లు. సిలికాన్ కొట్టుకోండ్రి, అయిపోతది," అని తేల్చేసి, ఆ కొట్టడమేదో తానే కొట్టకుండా వేరే పనుందంటూ వెళ్లిపోయాడు. నేను రాణిగంజ్ వెళ్లాను. హార్డ్‌వేర్ షాపు సేటు, సందులు పూడ్చే సిలికాన్ ముద్దను గొట్టంలోంచి బయటికి తోసే గన్నులు రెండు బల్లమీద పెట్టాడు. ఒకదాని కడ్డీ నున్నగా ఉంది, రెండోదాని కడ్డీకి రంపంలా పళ్లున్నాయి. "నున్న కడ్డీది తీస్కోండి అమ్మా, వెనక ఈ రేకు నొక్కితే మందు ఆగిపోతది. పండ్లదైతే పరేషాన్ చేస్తది," అన్నాడు. నేను పళ్లదే తీసుకున్నాను. (ఎందుకంటే, అది చూడటానికి టీచర్‌లా ఉంది. పట్టిందంటే వదలదనిపించింది.) సేటు ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు, నేను మాత్రం ఆ తడి మచ్చ ఈపాటికి ఎంతైందోనని లెక్కలు వేసుకుంటున్నాను.

ఇంటికొచ్చి సిలికాన్ గొట్టాన్ని గన్నులో పెట్టి, మూతి కోసి, మీట నొక్కాను. ఏమీ రాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను, రాలేదు. రెండు చేతులతో, పళ్లు బిగించి నొక్కేసరికి తెల్లటి సిలికాన్ టూత్‌పేస్టులా బయటికి దూకింది. ఎలాగో సందు పొడవునా వంకరటింకరగా పూసి, హమ్మయ్య అనుకుని గన్ను కింద పెట్టాను. అది ఆగలేదు! నేను నొక్కకపోయినా దానంతటదే వస్తోంది. కంగారుగా చేతిలోకి తీసుకున్నాను, వస్తూనే ఉంది. బకెట్లో పెట్టబోతే బకెట్ అంచుకు, కిటికీలో పెట్టబోతే కిటికీకి, చివరికి నా హవాయి చెప్పుకూ నేలకూ కలిపి అంటుకుంది. కడ్డీని తిప్పి వెనక్కి లాగితే ఆగుతుందని నాకెవరు చెప్పారు? (సేటు చెప్పే ఉంటాడు.) చెప్పు ఊడదీసే హడావుడిలో బకెట్ దొర్లింది. కింద నుంచి 'టక్' మంది. ఆ చప్పుడుకు నేను ఊపిరి బిగబట్టి ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడ్డానో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడిదాకా జరిగింది ఎవరికైనా జరిగేదే. ఆ తర్వాత నేను చేసింది మాత్రం మా ఇంటి పిల్లలు తప్ప ఇంకెవరూ చెయ్యరు. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇల్లు కడుతున్నప్పుడు, కొత్త గోడలకు నీళ్లు పట్టే పని నాది. బడికి వెళ్లేముందూ వచ్చాకా చెంబుతో నీళ్లు కొట్టేదాన్ని. ఒక్కపూట మానితే "గోడ బీటలు తీస్తే నీ వీపే మెత్తేది," అనేవాడు మేస్త్రీ. సిమెంటైనా సిలికానైనా సందు పూడ్చేదేగా, నీళ్లు పడితేనే గట్టిపడుతుందని నా నమ్మకం. అందుకని ఆ వారమంతా పొద్దున్నే లేచి, దణ్ణం పెట్టుకుని, దానికి శ్రద్ధగా మగ్గులతో నీళ్లు పట్టాను. ఆఫీసు నుంచి రాగానే మళ్లీ పట్టాను. రోజూ కిందికెళ్లి మచ్చను చూసేదాన్ని. అప్పడం అట్టయింది, అట్టు విస్తరాకైంది. మచ్చ పెరిగినకొద్దీ నాకు భయం పెరిగింది, భయం పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ నీళ్లు పట్టాను. శనివారానికల్లా బట్టలు సగం పెట్టెలో సర్దేసుకున్నాను కూడా.

ఆదివారం కూటానికి టీచర్ నన్నూ రమ్మన్నారు. రానంటే అనుమానమొస్తుందని వెళ్లి, హార్మోనియం వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాటలయ్యాయి. ప్రార్థన మొదలై అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం కళ్లు పత్తికాయల్లా తెరిచి పైకప్పునే చూస్తున్నాను. మచ్చ నడుమ ఒక చుక్క పుట్టింది. బొద్దుగా అయింది, వేలాడింది. దాని కింద తెల్లటి లేసు గుడ్డ, పక్కనే ప్రార్థనలో కూర్చున్న టీచర్! ఆలోచించకుండానే నా చెయ్యి ముందుకు చాచాను. చుక్క అరచేతిలో పడింది. ఇంకోటి పుట్టింది. రెండో చెయ్యీ చాచాను. ఎవరైనా కళ్లు తెరిస్తే నా ఉద్యోగం, నా సికింద్రాబాద్, అన్నీ అయిపోయినట్టే. దోసిలి పట్టి ఆ ప్రార్థన పొడవునా అలాగే నిలబడ్డాను. చివరికి ఆమెన్ అన్నారు. చర్చి అక్కలు కళ్లు తెరిచి నన్ను చూసి కరిగిపోయారు. "అయ్యో బిడ్డా, ఎంత భక్తి! చేతులెత్తి నిలబడ్డది చూడండ్రి," అంటూ ఒకావిడ నా తల నిమిరింది. టీచర్ మాత్రం నా దోసిలి వంక ఒక్కసారి చూసి, కేకు కొయ్యడానికి వెళ్లిపోయారు.

అందరూ వెళ్లాక మెట్లమీద కర్ర చప్పుడు వినిపించింది. ఎన్నడూ మేడెక్కని మనిషి ఎక్కి వస్తున్నారు! మగ్గు చేతిలో ఉండగానే నేను బాత్‌రూమ్ గుమ్మంలో కొయ్యబారిపోయాను. ఆవిడ ఆయాసం తీర్చుకుని, నన్నూ మగ్గునూ మార్చి మార్చి చూశారు. "దేనికి పోస్తున్నవ్ నీళ్లు?"

"పట్టాలి కదండీ... గట్టిపడటానికి."

"సిలికాన్‌కా?"

తలూపాను. ఆవిడ కర్ర చివరతో మూలన సిలికాన్‌ను కదిపారు. వారం రోజుల నా శ్రద్ధంతా సేమ్యాలా పొడవుగా ఊడివచ్చి కర్రకు వేలాడింది. నేను ఏడుపుకు సిద్ధమయ్యాను. ఆవిడ గొంతులోంచి ఏదో కొత్త చప్పుడు వచ్చింది. నవ్వు! గోడ పట్టుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "తడి మీద పట్టదు పిల్లా అది! మొదలు ఆరబెట్టాలె, రాసినంక సుత ఆరనియ్యాలె. ఆరేదాంక నా బాత్‌రూమ్‌ల స్నానం చెయ్."

"మీరు చుక్కలు పడటం చూశారా టీచర్?" అని అడిగేశాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"చూడకేంది? కూటమంత పైకప్పునే చూసుకుంట కూసున్న. ఎవరి నెత్తి మీద పడుతదో అని నా పానం పోయింది." గొంతు తగ్గించారు. "ప్రార్థనల కళ్లు తెరిచిన పిల్లలను ఎంతమందిని బెంచీ ఎక్కించిన్నో నేను. ఎవరికి చెప్పకు."

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. నాన్న. టీచర్ నా మొహంలోకి చూస్తూనే మాట్లాడారు. "ఆ, మంచిగున్నది మీ అమ్మాయి. ఇంకెక్కడికి పంపకండ్రి, నా దగ్గరనే ఉండనియ్యండ్రి. నీళ్లు పోసుడొక్కటి జెర తగ్గియ్యాలె, గంతే." చన్నీళ్ల స్నానాలకు జలుబు చేస్తుందన్నది ఆవిడ బాధ కాబోలని నాన్న నాకు ఆ తర్వాత వేణ్ణీళ్ల మీద పెద్ద ఉపన్యాసమిచ్చాడు. నేను ఆనందంగా విన్నాను.

ఇప్పుడు నాకు సికింద్రాబాద్‌లోనే కార్ఖానా ఏరియాలో సొంత ఫ్లాటుంది, నున్న కడ్డీ సిలికాన్ గన్నుంది. పని అవగానే కడ్డీ తుడిచి, గొట్టం మూతికి మేకు గుచ్చి భద్రంగా దాస్తాను. (సిలికాన్ రాసిన ప్రతిసారీ చెయ్యి మగ్గు కోసం వెళ్తుంది, దాన్ని నేనే వెనక్కి లాక్కుంటాను.) మొన్న మా హాలు పైకప్పు మీద అప్పడమంత మచ్చ కనబడింది. చీపురు కర్రతో పైకి రెండు పోట్లు పొడిచి, గన్ను పట్టుకుని పై ఫ్లాటుకెళ్లాను. తలుపు తీసింది, కొత్తగా ఉద్యోగంలో చేరి అద్దెకు దిగిన అమ్మాయి. జుట్టుకు తడి తువ్వాలు. నా చేతిలో గన్నునూ నా మొహాన్నీ చూసి ఒకడుగు వెనక్కి వేసి, "సారీ ఆంటీ," అంది. ఆ గొంతులో వణుకు నాకు బాగా తెలిసినదే. నన్ను చూసి కూడా ఒక మనిషి అలా వణుకుతుందని మాత్రం ఇన్నాళ్లూ తెలియదు.

నవ్వు ఆపుకోవడం కష్టమైపోయింది. "భయపడకమ్మా, ముందు బాత్‌రూమ్ ఆరబెడదాం," అని లోపలికి నడిచాను. ఆరేదాకా ఆ పిల్ల మా ఇంట్లోనే స్నానం చేసింది.