పాకంలో పెట్టిన వేలు

మిరప కల్లంలో మంటలు లేస్తే నేనొక్కణ్ణే బస్తాలు లాగి ఆర్పాననీ, అందులో నా కుడి చూపుడువేలు కాలి నిమ్మకాయంత బొబ్బ లేచిందనీ మా ఊళ్లో ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. మీతో అబద్ధమాడి ఏం బావుకుంటాను? మంటా లేదు, బస్తా లేదు. బొబ్బ శనగగింజంత.

ఆ రోజు మా ఆవిడ చిలకలూరిపేట పెళ్లికి వెళ్లింది. పదేళ్లుగా సుగర్ మందులు మింగుతున్న నాకు వేరుశనగ ఉండల మీదికి మనసు పోయింది. బెల్లం పాకం పెట్టాను. పాకం ముదిరిందీ లేనిదీ పళ్లెంలో నీళ్లు పోసి, అందులో చుక్క వేసి చూడాలి. అంత ఓపిక లేక వేలు పెట్టాను. అంటుకున్న పాకం విదిలిస్తే రాలేదు.

కుళాయి కింద పెట్టుంటే సరిపోయేది. ఆవిడ వచ్చేలోగా గిన్నె తోమాలన్న కంగారులో వేలికి టూత్‌పేస్టు మెత్తాను. సాయంత్రానికి బొబ్బ లేచింది. మర్నాడు పిన్నీసుతో పొడిచి, పాత పంచె పీలిక చుట్టాను. ఆవిడకి ముల్లు గుచ్చుకుందని చెప్పాను.

ఆ మధ్యాహ్నమే మా బావమరిది కల్లానికి పిలిచాడు. "బావా, కాయ ఎండిందో లేదో నీ చేతికి తెలిసినట్టు ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు. గుప్పెట పట్టి నలిపితే గింజ గలగలమనాలి. పొగడ్తకి పడిపోయి, పీలిక విప్పి ఆ చెయ్యే పెట్టాను. ఆ మంట గురించి మిరప రైతులకి చెప్పక్కర్లేదు.

నాలుగోనాటికి వేలు వాచి చీము పట్టింది. అంచుల్లో ఎండిన పేస్టు పెచ్చులు, మధ్యలో ఒక మిరపగింజ అతుక్కుని ఉంది. ఎలుక చచ్చిన కంపు. ఎడమచేత్తో స్పూనుతో తింటున్నా, కుడిచెయ్యి కంచం పక్కనుంటే ముద్ద దిగేది కాదు.

"ఏంటండీ ఆ వాసన?" అంది మా ఆవిడ. పీలిక లాగి చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గుంటూరు ఆసుపత్రికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మకి, ఊళ్లో అడిగినవాళ్లకి చెప్పిన కల్లం మంటల కథే మొదలుపెట్టాను. "అంత మంటల్లో వేలి కొస ఒక్కటే కాలిందా తాతగారూ? సుగర్ ఉన్న ఒళ్లు. ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగితే వేలు తీసెయ్యాలి, నిజం చెప్పండి" అంది.

వేలు తీసెయ్యాలనగానే బెల్లం నుంచి పిన్నీసు దాకా కక్కేశాను. మా ఆవిడ అరవలేదు. "మీరు తీపి తినకూడదు కదా అని పెళ్లిలో లడ్డూ నేనూ ముట్టుకోలేదు" అంది. చీముకన్నా నా మీద నాకే రోత పుట్టింది.

చచ్చిన చర్మం కత్తిరించి, టీటీ ఇంజెక్షన్ పొడిచి, యాంటీబయాటిక్స్ రాశారు. రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. మధ్యలో దురదని కట్టు విప్పి గోకితే మళ్లీ చీము. దోమ కుట్టిందన్నాను. డాక్టరమ్మ నమ్మలేదు.

మానడానికి నెల దాటింది. వేలు మిగిలింది గానీ కొసన మచ్చ మొద్దుబారింది. కాయలో తేమ ఆ వేలికిప్పుడు తెలియదు. బావమరిది వేరేవాళ్లని పిలుస్తున్నాడు.

కాలితే వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి, బొబ్బని పొడవకండి, సుగరుంటే అదే రోజు డాక్టరుకి చూపించండి. వీటన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్లకి నిజం చెప్పండి.

ఆ రోజు ఉండ ఒక్కటీ తినలేదని మా ఆవిడతో ఒట్టేశాను. ఇది ఆవిడా చదువుతుంది. నాలుగు తిన్నాను.