రాఘవయ్య గారి గులాబీ కొండలు

కెనడాలోని కిచెనర్‌లో మా కమ్యూనిటీ సెంటర్ వాటర్ కలర్ క్లాసులో తెలుగువాళ్లం ఇద్దరమే. ఇంట్లో నా మాట వినేవాళ్లు లేక నేను చేరాను. డాక్టర్ రాఘవయ్య గారిని భార్య చేర్పించారు.

ఆయన ముప్పై ఏళ్లు ఆసుపత్రి బేస్‌మెంట్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్న పాథాలజిస్టు. ఊళ్లో సగం మందికి జబ్బుందో లేదో తేల్చింది ఆయనే, కానీ ఒక్క రోగితోనూ మాట్లాడి ఎరగరు. రిపోర్టు రాసి పైకి పంపేవారు, కబురు ఇంకో డాక్టరు చెప్పేవాడు. ఇంట్లోనూ అదే వరస. రిటైరయ్యాక సోఫాలో ఆ మౌనాన్ని భరించలేక హైమావతి గారు ఫీజు కట్టేసి వచ్చారు. "నోటితో ఎలాగూ చెప్పరు. బొమ్మతోనైనా ఒక్కటి చెప్పండి, నాకు అర్థమయ్యేట్టు" అన్నారట. ఆయన దాన్ని బోర్డు పరీక్షలా తీసుకున్నారు.

మేం నేర్చుకునేది ఆబ్‌స్ట్రాక్ట్ ల్యాండ్‌స్కేపులు. కొండను గీయకూడదు, కొండను చూస్తే కలిగేది గీయాలని మా టీచరు మార్గరెట్ చెప్తుంది. కాగితం తడిపి రంగు వదిలేస్తే దాని దారి అది చూసుకుంటుందట. ఏమీ చేయకుండా కూర్చోవడానికి ఫీజెందుకని నాకు ఒళ్లు మండేది. రాఘవయ్య గారు మాత్రం అందరి కాగితాలూ వంగి చూసేవారు. సూజన్ వేసిన సూర్యాస్తమయాన్ని చూసి ఇన్‌ఫ్లమేషన్, బాగా వాచిందన్నారు. బాబ్ గీసిన మేపుల్ అడవిని చాలాసేపు చూసి, అతని వయసెంతని అడిగారు. నా సరస్సుని చూసి ప్రమాదమేమీ లేదన్నారు. సిగ్గులేకుండా రెండు రోజులు సంతోషించాను.

ఆయన ఏ రంగుతో మొదలుపెట్టినా చివరికి గులాబీ, ఊదా తేలేవి. మైక్రోస్కోపు కింద పెట్టే కండముక్కల స్లైడ్లకి వేసే రంగులవే. పట్టుబట్టి ఒకసారి పచ్చరంగుతో లోయ వేస్తే, అది పిత్తాశయమా అని హైమావతి గారు అడిగారట. మిగిలిన ఏడు బొమ్మలకీ, పొరుగింటివాళ్ల ఉప్మాని మెచ్చుకునే గొంతుతో బాగుందన్నారు. నా కారులో ఇంటికెళ్తూ ఆయన, ఆవిడకి ఒక్కటీ అందడం లేదమ్మా అన్నారు. ఆ మనిషి మీద నాకు మొదటిసారి జాలేసింది.

ఆఖరి వారం ఎగ్జిబిషన్ కోసం ఆయన ఒకటి వేశారు. గులాబీ, ఊదా కలిసిన కొండలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి, సగంలో ఆగిపోయాయి. తర్వాత వెడల్పాటి తెల్లటి జాగా, చివర సన్నటి నల్లగీత. కొండలకి మార్గరెట్ మురిసిపోయింది. ఆ తెలుపులో కాస్త నీలం వేస్తే చక్కటి సరస్సవుతుంది, నల్లగీత తీసేయమంది. అన్నిటికీ తలూపే మనిషి ఆరోజు కుదరదన్నారు. అక్కడ ఏమీ ఉండకూడదట. మార్గరెట్ విసుక్కుని, కింద 'వసంతోదయం' అని చీటీ అంటించింది.

ఎగ్జిబిషన్లో జనం దాని ముందే. ఎవరో డెంటిస్టు తన వెయిటింగ్ రూముకి కావాలన్నాడు. నా సరస్సు దగ్గర ఒక్కరూ ఆగలేదు. నిజం చెప్పాలంటే కుళ్లుకున్నాను. అంతలో హైమావతి గారు వచ్చి, చీటీ చదివి, బొమ్మకి దగ్గరగా వెళ్లి, ఊదా ఆగిపోయిన చోట వేలు పెట్టారు.

పన్నెండేళ్ల కిందట ఆవిడకి రొమ్ములో గడ్డ తీశారు. సొంతమనిషి స్లైడు తాను చదవకూడదని రాఘవయ్య గారు తోటి డాక్టరుకి ఇచ్చేశారు. అంతా బాగుందని ఫోన్లో సర్జన్ చెప్పాడు. ఈయన మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదని ఆవిడ ఇప్పటికీ అంటుంటారు.

"ఇది నా స్లైడేనా?" అన్నారు ఆవిడ.

ఆయన తలూపారు.

"ఈ తెల్లదేంటి?"

"నీ మంచి కండే హైమా. ఆ నల్లగీత దగ్గర కోశారు. గడ్డ అక్కడిదాకా రాలేదు." ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి సందు చూపించారు. "నాలుగు మిల్లీమీటర్లు. రిపోర్టు వచ్చేశాక కూడా రోజూ నీ స్లైడు తీసి ఆ జాగా కొలిచేవాణ్ణి."

"రోజూనా?"

"నెలరోజులు."

బొమ్మ అమ్మడం లేదని హైమావతి గారు డెంటిస్టుకి ఇంగ్లీషులో చెప్పి పంపేశారు. రెండు కుర్చీలు లాక్కొచ్చి, ఆయన్ని ఒకదాంట్లో కూర్చోబెట్టారు.

"ఇప్పుడు మొదట్నుంచీ చెప్పండి" అన్నారు.