నాగేశప్ప కట్టిన గూళ్ల వ్యాను

కృష్ణగిరి వైపు నుంచి ఆ బండి వచ్చిన రోజు హోసూరులో ఎండ మండిపోతా ఉండింది. బండి అంటే అప్పటికింకా బండి కాదు. ఇనుప చట్రం, నాలుగు చక్రాలు, ముందర ఇంజను, అంతే. పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు, డ్రైవరుకు సీటు కూడా లేదు. మద్రాసు నుంచి దాన్ని తోలుకొచ్చిన లక్ష్మణప్ప ఒక చెక్కపెట్టెను చట్రానికి తాళ్లతో బిగించి, దాని మీద కూర్చుని, మొహానికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చినాడు. దిగినాక నడుము పట్టుకుని షెడ్డు గోడకు ఆనుకున్నాడు. కళ్లు దుమ్ముకు ఎర్రగా వాచినాయి. నీళ్లు తాగి, ఇంకొకసారి మాత్రం నన్ను ఇట్లాంటి పనికి పంపొద్దని చెప్పి ఆడనే పండుకున్నాడు.

షెడ్డు నాగేశప్పది. ఆయన బండిచక్రాల వడ్రంగి. హోసూరు చుట్టుపక్కల ఏ పల్లెలో ఎద్దులబండి పోతా ఉన్నా, దాని చక్రం చూసి ఇది నాగేశప్ప చేతిది, ఇది కాదు అని జనం చెప్పేవాళ్లు. కానీ ఆ పేరు అప్పటికే పాతబడిపోతా ఉండింది. రోడ్డు మీద లారీలు పెరిగినాయి. బండ్లకు కూడా రబ్బరు టైర్లు వేసుకునే కాలం వచ్చింది. చక్రం చేయమని అడిగేవాళ్లు తగ్గి, చక్రంలో విరిగిన ఆకుకట్టె మార్చమని అడిగేవాళ్లే మిగిలినారు. నాగేశప్పకు నలభై దాటినాయి. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. వేడినీళ్లలో కాసేపు పెట్టుకుంటే గానీ బాడిశ పట్టలేడు. ఆయన భార్య పుట్టమ్మ రోజూ ఆ నీళ్లు కాచి పెట్టేది. ఈ పని చాలించి ఇంకేదైనా చూసుకోమని మొదట్లో అనేది, తరవాత అనడం మానేసింది.

ఆ చట్రం కొన్నది మునెప్ప అనే గూళ్ల బ్రోకరు. లక్ష్మణప్ప ఆయన డ్రైవరే. పట్టుపురుగులు కట్టిన గూళ్లను రైతుల దగ్గర కొని బెంగళూరు దాటించి పట్టు తీసేవాళ్లకు అమ్మేవాడు. గూడు లోపల పురుగు బతికే ఉంటుంది. ఆలస్యమైతే అది రెక్కల పురుగై గూటిని తొలుచుకుని బయటికి వస్తుంది. తొలిచిన గూడు ఇంక దేనికీ పనికిరాదు. అందుకే మునెప్పకు వేగం కావల్సి వచ్చింది. పొద్దున రైతు ఇంట్లో ఎత్తిన గూళ్లు మధ్యాహ్నానికి మార్కెట్లో ఉండాలన్నది ఆయన ఆశ. వ్యానుకు పైకట్టు నాగేశప్పనే కట్టాలన్నాడు. బెంగళూరులో కట్టించొచ్చు గానీ, ఊరివాడు ఉండంగా ఎందుకు పోవాల అన్నాడు.

నాగేశప్ప వెంటనే సరే అనలేదు. ఉద్దనపల్లి నుంచి హోసూరుకు గూళ్ల గంపలు తోలేది ఆయన బావ అంకప్ప. సాయంత్రం బండి కట్టి, చల్లని పూట రోడ్డు పట్టి, తెల్లారేసరికి హోసూరు చేర్చేవాడు. ఆ బండి చక్రాలు చేసింది నాగేశప్పే. అంకప్ప భార్య చిక్కమ్మ ఆయనకు సొంత అక్క. తల్లి పోయినప్పుడు ఆయన ఇంకా నడక నేర్చుకుంటా ఉన్నాడు. ఆమె చంకనెత్తుకుని పెంచింది, తన పెళ్లయినాక కూడా వెంట తీసుకుపోయింది.

కానీ షెడ్డులో పని లేదు. కొన్నాళ్లు ఆలోచించి, ఒప్పుకున్నాడు.

ఆ మాట ఉద్దనపల్లికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఒక సంత రోజు చిక్కమ్మ షెడ్డుకు వచ్చింది. చట్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నాగేశప్ప టేకు దుంగను చిత్రిక పడతా ఉన్నాడు. పుట్టమ్మ నీళ్లిస్తే చిక్కమ్మ తీసుకోలేదు.

"దీన్ని కట్టేది నువ్వేనా?" అని అడిగింది.

"నేనేక్కా."

"మీ బావ ఎద్దుల్ని ఏం చేసుకోవాల?"

ఆయన చిత్రిక పక్కన పెట్టినాడు. "నేను కట్టకపోతే బెంగళూరులో ఎవడో కడతాడు. వ్యాను రాక ఆగదుక్కా."

"ఎవడో కట్టనీ. వాణ్ని నేను ఎత్తుకుని పెంచలేదు కదా."

కొంగు భుజం మీదికి లాక్కుని సంత దారి పట్టింది. నాగేశప్ప ఆ రోజంతా పని ముట్టలేదు. మరుసటి రోజు ముట్టినాడు.

పని నెమ్మదిగా సాగింది. చక్రం చేయడం వేరు, వ్యానుకు పైకట్టు కట్టడం వేరు. చక్రం గుండ్రం, దాని లెక్క చేతికి తెలుసు. ఇది పెట్టె. మొదట టేకుతో అడుగు దూలాలు వేసి చట్రానికి బోల్టులు బిగించినాడు. నిలువు కమ్ములు నిలబెట్టినాడు. పైకప్పుకు విల్లులాగా వంచిన కట్టెలు కావాల. వాటిని నానబెట్టి, ఆవిరి పట్టి, వంచి, తాళ్లతో కట్టి ఆరబెట్టినాడు. రెండు విరిగినాయి. మళ్లీ చేసినాడు. కింద పండుకుని బోల్టులు బిగించేటప్పుడు నడుము లేవనిచ్చేది కాదు. లక్ష్మణప్ప చెయ్యిచ్చి పైకి లాగేవాడు. దుమ్ము పోకూడదు, వాన పడకూడదు, నాలుగు పక్కలా రేకు వేసి మూసెయ్యమని మునెప్ప చెప్పినాడు. నాగేశప్పకు కూడా అదే నచ్చింది. రేకు మీద రేకు ఎక్కించి, రివెట్లు దగ్గర దగ్గరగా కొట్టి, తలుపు అంచుకు గుడ్డపట్టీ కూడా అతికించినాడు. ఆకుపచ్చ రంగు వేసినాక రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసినారు. చాలా కాలానికి ఆయన ముఖంలో కాస్త తృప్తి కనిపించిందని పుట్టమ్మ తరవాత చెప్పేది.

మొదటి లోడు ఉద్దనపల్లి గూళ్లే. పొద్దున్నే ఎత్తినారు. సరిహద్దులో అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీలు బారుగా నిలిచిపోయినాయి. ఎండ ఎక్కింది. లక్ష్మణప్ప దిగి చెట్టు కింద కూర్చున్నాడు, లోపల గంపలు భద్రంగానే ఉన్నాయనుకున్నాడు. మార్కెట్లో తలుపు తీస్తే వేడి ఆవిరి మొహానికి కొట్టింది, దాని వెంబడే వాసన. పురుగులు లోపలే ఉడికి చచ్చి, తెల్లని గూళ్ల మీద నల్లటి మరకలు దిగినాయి. కొనేవాళ్లు గంప దగ్గరికి వచ్చి, ముక్కు మూసుకుని పక్కకు పోయినారు.

మునెప్ప అరవలేదు. షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చుని, మూసెయ్యమన్నది నేనే కదప్పా అన్నాడు. మూసింది తన చెయ్యే అని నాగేశప్పకు తెలుసు. రైతులు మళ్లీ అంకప్ప బండి కోసం కబురు పెట్టినారని తెలిసింది.

నాగేశప్ప రెండు దినాలు ఇంట్లోనే పండుకున్నాడు. తరవాత లేచి, బస్సెక్కి, ఉద్దనపల్లి పోయినాడు.

అంకప్ప ఎద్దులకు నీళ్లు పెడతా ఉన్నాడు. అవి కూడా ముసలివే. ఒకదానికి కన్ను మసకబారింది. అంకప్పకు మోకాళ్లు వంగవు, బండెక్కాలంటే చక్రం ఆకు పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాల. బామ్మర్దిని చూసి కూర్చోమన్నాడు. చిక్కమ్మ లేచి లోపలికి పోయింది.

నాగేశప్ప కూర్చుని అడిగినాడు.

"బావా, నీ బండిలో గూళ్లు ఎట్ల చెడకుండా పోతాయి?"

అంకప్ప చేతిలోని బక్కెట కింద పెట్టినాడు.

"ఇది అడగడానికి వచ్చినావా?"

"ఇంకెవర్ని అడగాల?"

అంకప్ప మోకాలు పట్టుకుని లేచి, వసారాలో ఉన్న గూళ్ల గంప దగ్గరికి తీసుకుపోయినాడు. చెయ్యి లోపల పెట్టమన్నాడు. గంప నడుమ వెచ్చగా ఉండింది, పసిబిడ్డ ఒళ్లు మాదిరి.

"బతికి ఉండాయప్పా అవి. ఊపిరి తీస్తాయి. ఎక్కువ పోస్తే కిందివి మగ్గిపోతాయి. పలచగా పొయ్యాల, గంపకు గంపకు నడుమ గాలి ఆడాల. నా బండికి గోడలు యాడుండాయి?"

"నువ్వు చెప్పకుండా ఉండొచ్చు కదా బావా," అన్నాడు నాగేశప్ప.

"ఉండొచ్చు. మల్బరీ ఆకు కోసి, రాత్రింబగళ్లు మేపి, రైతులు పెంచిన గూళ్లు అట్ల కుళ్లబెట్టి పారేస్తా ఉంటే చూడలేను. ఈ ఎద్దులు ఇంకెన్నాళ్లు లాగుతాయి? నేనెన్నాళ్లు ఎక్కుతాను?"

చిక్కమ్మ సంగటి ముద్ద, పులుసు తెచ్చి ఇద్దరి ముందర పెట్టింది. తమ్ముడి వైపు చూడలేదు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, చెప్పి బయలుదేరినాడు.

షెడ్డుకు తిరిగొచ్చి, నాగేశప్ప తను కొట్టిన రివెట్లు తనే ఊడదీసినాడు. కొట్టినప్పటికన్నా ఊడదీసేటప్పుడు ఎక్కువ కష్టమైంది. నడుము ఎత్తు నుంచి పైకి రేకు కోసేసి, గాలి లోపలికి పోవాల, వాన పోకూడదని ఏటవాలు చెక్కపలకలు వేసినాడు. నేల పలకల్లో సందులు విడిచినాడు. లోపల వెదురు తట్టలు జారిపెట్టే అరలు కట్టినాడు, తట్టకూ తట్టకూ నడుమ జానెడు ఖాళీ ఉంచి. పక్కలకు గోనెపట్టాలు వేలాడదీసి, ఎండ పూట నీళ్లు చల్లాలని లక్ష్మణప్పకు చెప్పినాడు. ఇంతకుముందు ఉన్న అందం వ్యానుకు పోయింది. చూసేవాళ్లు కోళ్లగూడు మాదిరి ఉందని నవ్వినారు. ఆయన పట్టించుకోలేదు.

ఈసారి గూళ్లు పోసినవి పోసినట్టే మార్కెట్టు చేరినాయి. మునెప్ప మరుసటి ఏడు ఇంకో వ్యాను తెచ్చినాడు, తరవాత ఇంకో ఇద్దరు బ్రోకర్లు తెచ్చినారు. అన్నిటికీ పైకట్టు కట్టింది నాగేశప్పే. పని వచ్చింది. దాంతో పాటే నడుమునొప్పి, దగ్గు కూడా వచ్చినాయి. చక్రం ఇంక చేయలేదు.

అంకప్ప ఎద్దుల్ని మత్తూరు సంతలో అమ్మేసినాడు. మునెప్ప పిలిస్తే కొన్నాళ్లు వ్యానులో గంపలు చూసుకునే పనికి పోయినాడు గానీ, పెట్రోలు వాసనకు రోడ్డు పొడుగునా వాంతులు చేసుకునేవాడు. మానేసి, ఒక గూళ్ల గోడౌనుకు కావలి కూర్చున్నాడు. కూర్చునే పని నాకు పడదురా, ఒళ్లు బరువైపోతుంది అని నాగేశప్పతో ఒకసారి అన్నాడు. కోపంగా అనలేదు. బావాబామ్మర్దులు ఎప్పటిలాగానే కలిసి టీ తాగేవాళ్లు.

చిక్కమ్మ మాత్రం మారలేదు. ఎవరో ఆమెను అడిగితే, మా ఆయన ఒప్పుకున్నాడు, నేను ఒప్పుకోలేదు అని చెప్పింది. పుట్టమ్మకు టైఫాయిడు వచ్చి మంచం పట్టినప్పుడు పిలవకుండానే వచ్చింది. గంజి కాచింది, ఒళ్లు తుడిచింది, ఇల్లు అలికింది. తమ్ముడి చేతులకు వేడినీళ్లు కూడా కాచి పెట్టింది. ఆయనతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే పుట్టమ్మకు చెప్పేది, పక్కనే ఉన్న ఆయన వినేవాడు.

పుట్టమ్మ లేచి తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక సాయంత్రం, చిక్కమ్మ వాకిట్లో కూర్చుని రాగులు చెరుగుతా ఉంది. నాగేశప్ప పని నుంచి వచ్చి మెట్టు మీద కూలబడినాడు. దగ్గు ఒక పట్టాన ఆగలేదు. ఆమె చేట ఆపి చూసింది.

"ఆ రంపపు పొట్టు మింగి మింగి ఇట్లయినావు," అంది. "మూతికి గుడ్డ కట్టుకోరాదా?"

"కట్టుకుంటే ఊపిరాడదుక్కా."

ఆమె మళ్లీ చేట పట్టింది. కొంచెంసేపటికి, ఉద్దనపల్లిలో ఈసారి వానలు సరిగ్గా పడలేదని, రాగి పైరు మోకాలెత్తు కూడా లేవలేదని చెప్పింది. ఆయన వింటా కూర్చున్నాడు. చీకటి పడేదాకా ఆమె పైరు సంగతులే చెప్పింది. ఆయన ఊఁ కొడతానే గోడకు ఆనుకుని నిద్రపోయినాడు.