అత్త చెట్లలో కరి

కొత్త ఉద్యోగపు ఆ రోజుల్లో, తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడమే ఉద్యోగమని నేను గట్టిగా నమ్మేదాన్ని. తమిళనాడు ధర్మపురిలో డిగ్రీ ముగించి, బీడు భూముల్లో రైతుల చేత చెట్లు నాటించే ఒక సంస్థలో చేరాను. చెట్టు గాలిలోని కార్బన్‌ను లాక్కుని కాండంలో, వేళ్ళలో దాచుకుంటుందని మా సారు పాఠం చెప్పారు. ఒకటీ రెండూ కాదు, కొండలూ బీళ్ళూ నిండేలా నాటితేనే ఫలితమట. నరికి కాల్చామా, దాచినదంతా మళ్ళీ గాలిలోకే. నేను తల ఊపాను. (తల ఊపడం మాత్రం నాకు బాగా వచ్చు.)

తీర్థమలై దగ్గర మా మేనత్త బీడులో, అంతకు చాలా ఏళ్ళ ముందే సంస్థ నాటించిన వేపలు, కానుగలు ఏపుగా ఎదిగాయి. మామ వాటిని బొగ్గు కాల్చే ఆయనకు అమ్మడానికి బేరం మాట్లాడేశాడని తెలిసి, మీ అత్తే కదా, నువ్వే పొమ్మని సారు నన్ను బస్సెక్కించారు. ఆ తోపు పోతే చుట్టుపక్కల రైతులూ గొడ్డళ్ళు పట్టుకుంటారని ఆయన భయం. నా ఉద్యోగం పోతుందని నా భయం.

మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. కార్బన్‌కు మా ఇంటి తెలుగులో మాట లేదు. బడిలో నేర్చిన 'కరిమం' గుర్తొచ్చి, దాన్ని కాస్త విరిచి 'కరి' చేశాను. తమిళంలో కరి అంటే బొగ్గని ఆ క్షణాన తట్టలేదు.

"ఆ చెట్లు కొట్టొద్దు అత్తా, వాటి నిండా కరి ఉండాది" అన్నాను.

అత్త నన్ను జాలిగా చూసింది. "అందుకే కదా పాపా కొట్టేది."

ఆఫీసు పాపే చెప్తా ఉంది, మంచి కరి పడుతుందని, చెట్లు చూసుకోడానికి వచ్చి ఉన్న బొగ్గాయన మురిసిపోయాడు. ఆ కరి వేరు, ఈ కరి వేరు అన్నాను. వేరెట్లా అవుతుందని మామ అడిగాడు. ఆలోచిస్తే రెండూ ఒకటే అనిపించి నాకు చెమట పట్టింది. చెట్టు గాలి తిని లావవుతుంది, అదే కరి అని నోటికొచ్చినట్టు అనేశాను. మామ పడీ పడీ నవ్వాడు.

అత్త నవ్వలేదు. ఆమె భారీ మనిషి. తినేది పిడికెడే, గాలి పీల్చినా ఒళ్ళొస్తోందని ఆమె చెప్పుకున్నప్పుడల్లా మామ ఇట్లాగే నవ్వేవాడు.

"ఇన్నేండ్లు నేను చెప్తే ఎవరైనా నమ్మినారా? ఇప్పుడు చదువుకున్న పిల్ల చెప్తా ఉంది. ఆ చెట్ల మీద చెయ్యి పడకూడదు" అంది.

మామ నవ్వు ఆగిపోయింది. బొగ్గాయన రోడ్డు వారనున్న సీమతుమ్మల వైపు నడిచాడు. అవీ చెట్లే కదా, వాటిని కాలిస్తే వాటిలోని కరి ఏమవుతుందో అని బస్సులో దారి పొడుగునా ఆలోచించాను. ఎటూ తేలలేదు. ఏం చెప్పి ఒప్పించావని సారు అడిగితే, సైన్సే చెప్పానన్నాను.

ఇప్పుడు కొత్తవాళ్ళకు ఆ పాఠం నేనే చెప్తున్నాను. తెలుగు చదవడం పెద్దయ్యాకే నేర్చుకున్నాను. అలా నేర్చుకుంటూ ఉండగా ఒక పుస్తకంలో, చెట్లు పీల్చే ఆ గాలికి 'బొగ్గుపులుసు వాయువు' అన్న పేరు కనిపించింది. వెంటనే అత్తకు ఫోన్ చేసి చెప్పాను.

"బొగ్గుతో పులుసు ఎవరు పెట్టేది పాపా?"

ఇక్కడ పులుసంటే మనం తినేది కాదని మొదలుపెట్టి, రెండో మాటకే ఇరుక్కుపోయాను. తికమక పడుతూ బస్సెక్కిన ఆ పిల్ల ఇంకా ఎక్కడా దిగనేలేదని తెలిసి, ఫోన్ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.